ఐచ్ఛికం అనగా అత్యవసరం

అవుట్‌లుక్ 2003 చేతికొచ్చిన కొత్తలో మా మేనేజరుగారికి కాగితం మీద విరక్తి పుట్టింది. 200 మందికి జీతం స్లిప్పులు ప్రింటు తీసి, మడిచి, కవర్లలో పెట్టి పంచడం నామోషీ అన్నారు. చిన్న మాక్రో రాస్తే ఎవరి స్లిప్పు వాళ్ల మెయిల్‌కే పోతుందని సిస్టమ్స్ కుర్రాడు ధైర్యం చెప్పాడు. రాశాడు కూడా. నడపబోతే ఆబ్జెక్టు సృష్టించలేనంటూ మొరాయించింది.

"ఒక కాంపొనెంట్ ఎక్కలేదన్నా. ఆప్షనలది."

దాని పేరు కొలాబరేషన్ డేటా ఆబ్జెక్ట్స్, పొట్టిగా సీడీవో. మనం రాసే ప్రోగ్రాము మెయిల్‌పెట్టెలో చెయ్యి పెట్టడానికి పనికొచ్చే సరంజామా. మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ఎక్కదు. కంట్రోల్ ప్యానెల్లో యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్ తెరిచి, ఛేంజ్ నొక్కి, అడ్వాన్స్‌డ్ కస్టమైజేషన్ దగ్గర టిక్కు పెట్టి, అవుట్‌లుక్ పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే అప్పుడు దర్శనమిస్తుంది, ఎర్ర ఇంటూ మార్కుతో. నాట్ అవైలబుల్ అట. హోటలు గోడ మీద ఉప్మా పెసరట్టు అని రాసి, అడిగితే లేదన్నట్టు. ఆ ఇంటూ మీదే నొక్కి 'రన్ ఫ్రమ్ మై కంప్యూటర్' అనాలి. అన్నాం. వెంటనే సీడీ పెట్టమంది.

సీడీ బీరువాలో. తాళం స్టోర్స్ ఆయన దగ్గర. ఆయన శబరిమలలో. స్వామి మాల తీసి డ్యూటీకొచ్చాక బీరువా తెరిస్తే కవరు మీద ఆఫీస్ 2003, లోపల ఘంటసాల భగవద్గీత. ఫలితం ఆశించకుండా పని చేసుకోమని అంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? అసలు సీడీ మేనేజరుగారి సొరుగులో, టీ గ్లాసు కింద దొరికింది.

సీడీవో ఎక్కింది. మాక్రో కదిలింది. మొదటి స్లిప్పుకే ఒక పెట్టె ఊడిపడింది: మీ తరఫున ఏదో ప్రోగ్రాము మెయిల్ పంపాలని చూస్తోంది, ఇది వైరస్ కావచ్చు, పంపమంటారా? ఎస్ బటన్ అయిదు సెకన్లదాకా నొక్కుడుపడదు. ఆలోచించుకోమని గడువన్నమాట.

ఈ అనుమానానికి కారణముంది. 1999 మార్చిలో మెలిస్సా అనే వైరస్ ఒక్కో అవుట్‌లుక్ నుంచి 50 చిరునామాలకు తనను తాను పంపుకుంది. 2000 మేలో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఐ లవ్ యూ, చిరునామాల పుస్తకంలో ఉన్నవాళ్లందరికీ ప్రేమలేఖ రాసేసింది. ఆ రెంటికీ మా బీరువా తాళం అవసరం పడలేదు. వాటి తర్వాతే ఈ కాపలా పెట్టారు. దొంగ వెళ్లిపోయాక వచ్చిన గూర్ఖా ఇంటాయన్ని ఆపినట్టే ఉంది వరస.

200 స్లిప్పులు, ఒక్కోదానికి అయిదు సెకన్లు: 17 నిమిషాలపాటు ఎస్ నొక్కే మనిషి కావాలి. అటెండరుని కూర్చోబెట్టారు.

"కవర్లే నయం సార్, ఈపాటికి రెండంతస్తులు పంచేసేవాణ్ణి," అంటూనే నొక్కుతున్నాడు. మధ్యలో ఫోను మోగింది, చెయ్యి నో మీద పడింది, మాక్రో ఆగిపోయింది. కుర్రాడు మళ్లీ మొదటినుంచీ నడిపాడు.

సాయంత్రం అకౌంట్స్‌కి ఒకాయన వచ్చాడు. స్లిప్పు రెండుసార్లొచ్చిందట. జీతం కూడా అలాగే పడుతుందా అని కనుక్కుందామని.