వెనకవాడు ఎక్కడున్నాడు?

ఇప్పటి పిల్లలు హిమాలయాలకు బయల్దేరే ముందు బజారుకు వెళ్తారు. మా రోజుల్లో కొండకు వెళ్ళేవాళ్ళం. తేడా అంతా ఇక్కడే ఉందంటే మా అపార్టుమెంట్లో ఎవరికీ రుచించదు. కర్నూలు జిల్లాలో డ్రిల్ మాస్టారుగా రిటైరై, మియాపూర్‌లో కొడుకు పంచన చేరినవాడి మాట ఎవరికి కావాలి? లిఫ్టులో దొరికినవాళ్ళకు చెప్పాను, పార్కులో బెంచీ మీద చెప్పాను. ఇక మిగిలింది మీరే.

సంగతేమిటంటే, మా కాలనీ కుర్రకారు జట్టుగా మే నెలలో సార్ పాస్‌కు వెళ్తున్నారు. హిమాచల్‌లో, కులూ జిల్లా పార్వతీ లోయలో ఉంది అది. కసోల్‌లో మొదలుపెట్టి గ్రహణ్ అనే పల్లె, మిన్ థాచ్, నగారు దాటుకుంటూ ఎక్కాలి. కసోల్ ఉన్నది దాదాపు 5,200 అడుగుల ఎత్తున, కనుమ ఉన్నది 13,800 అడుగుల ఎత్తున. వీపున మూటతో, చివర్లో మంచు తొక్కుకుంటూ పోవాలి. మంచి పనే, వద్దనను. యూత్ హాస్టల్స్ సంఘం వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా జనాన్ని అక్కడ నడిపిస్తున్నారు. నేనూ ఆ దారిన బడిపిల్లల్ని తోలుకుపోయినవాణ్ణే. నా గొడవల్లా ఆ తయారీ గురించి.

ఇప్పుడు తయారీ అంటే మొదట ఒక వాట్సాప్ గ్రూపు. దానికి పేరు ఏం పెట్టాలని వారం చర్చ. టీషర్టు రంగు మీద ఇంకో వారం, అది చాలక ఓటింగు. తర్వాత కొనుగోళ్ళు. తలకు కట్టుకునే దీపం, చేతికి రెండేసి కర్రలు, గొట్టంతో నీళ్ళు పీల్చుకునే సంచి, ఆ సంచి కడగడానికి ఇంకో బ్రష్షు. బూట్ల పెట్టె తెరిచి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు గానీ, వాటిని కాళ్ళకు వేసుకున్నవాడు ఒక్కడూ కనిపించలేదు. ఏమయ్యా అంటే, కొత్తవి తాతా, మట్టి అవుతాయి అన్నాడొకడు. గ్రహణ్ ఎక్కుడులో తొలిసారి ఆ బూట్లు తొడిగితే సాయంత్రానికి మడమల మీద బొబ్బలు రాకపోతే నా పేరు మార్చుకుంటాను. కొత్త బూటును ఇంటి దగ్గరే కనీసం నెలరోజులు తొక్కాలి. ఏ మూల ఒరుసుకుంటుందో ఇక్కడే తెలియాలి. దిగుడులో వేళ్ళు ముందుకు తోసుకుని గోళ్ళు నల్లబడతాయి కాబట్టి గోళ్ళు కురచగా తీసుకోవాలి, దిగే ముందు లేసులు బిగించుకోవాలి. ఇవేవీ బజార్లో దొరకవు.

మాకేముండేవి? కాన్వాసు సంచి, హంటర్ షూసు, ఎనామిల్ మగ్గు, ఇంట్లోంచి ఒక గొంగడి. గొంగడంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, తడిసినా ఉన్ని ఒంటికి వేడినే ఇస్తుంది. నూలు బట్ట తడిసిందా, ఒంట్లో వేడి లాగేస్తుంది. మా కాలనీలో వెళ్ళేవాళ్ళలో సగంమంది జీన్సు సర్దుకున్నారు. మంచులో తడిసిన జీన్సు ఆరేది మళ్ళీ హైదరాబాద్ వచ్చాకే. తిండికి ఎండు జొన్నరొట్టె, బుడ్డలు, బెల్లం, బొరుగులు. ఇప్పుడు బుడ్డలూ బెల్లమూ కలిపి రంగుకాగితం చుట్టి, శక్తినిచ్చే బిళ్ళ అని చెప్పి పదింతల ధరకు అమ్ముతున్నారు. కొననీ. తినేది మాత్రం అదే బుడ్డ.

సామాను సంగతి నాకు చిన్న విషయమే. నడక దగ్గరే నాకు మండుకొస్తుంది.

మాకు నల్లమల దగ్గర. శివరాత్రికి ఆత్మకూరు పక్కన వెంకటాపురం నుంచి అడవి దారిన శ్రీశైలానికి నడిచిపోయే జనం ఇప్పటికీ ఉన్నారు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. మా పిల్లలకు ఈ పేర్లు ఎక్కాల్లాగా నోటికొచ్చేవి. పులుల అడవి కాబట్టి మామూలు రోజుల్లో రానివ్వరు, యాత్ర రోజుల్లోనే దారి వదులుతారు. ఆ జనంలో కలిసి నడిపించేవాణ్ణి. అక్కడ పిల్లలకు పాఠం చెప్పేది నేను కాదు, నెత్తిన బియ్యం మూటతో, చెప్పుల్లేకుండా వచ్చే అవ్వలు. మావాళ్ళు మొదట్లో పరుగెత్తేవాళ్ళు, చెట్టు కింద కూలబడేవాళ్ళు, మళ్ళీ పరుగెత్తేవాళ్ళు. అవ్వ మాత్రం ఒకే అడుగు, ఒకే తీరు. భీముని కొలను మెట్ల దగ్గరికొచ్చేసరికి అవ్వ పైన, మావాళ్ళు కింద. నోట మాటాడుతూ నడవగలిగితే అది సరైన వేగం, ఆయాసంతో మాట తెగిందంటే తగ్గించుకో. ఇంతకు మించి నేను పాఠం చెప్పలేదు.

మూట బరువు నెమ్మదిగా పెంచేవాణ్ణి. మనిషి బరువులో అయిదో వంతుకు మించనిచ్చేవాణ్ణి కాదు. యాభై కిలోల పిల్లవాడికి పది కిలోలు, అంతే. సాధనకు సంచిలో రాళ్ళు వేయించే మాస్టర్లు ఉండేవాళ్ళు. నేను నీళ్ళ డబ్బాలు పెట్టించేవాణ్ణి. ఎక్కేటప్పుడు బరువుంటుంది, పైకి చేరాక చెట్లకు పోసేసి తేలిగ్గా దిగొచ్చు. మోకాళ్ళు చెడేది దిగుడులోనే కదా.

అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటి. జట్టులో అందరికన్నా మెల్లగా నడిచేవాడు ముందుండాలి. గట్టివాడు చివర. నెమ్మదైనవాడి సంచిలోంచి గిన్నె ఒకటి గట్టివాడి సంచిలోకి పోతుంది. దీన్ని ఒక ఆదివారంలో నేర్పలేం. పిల్లలకు ఒకళ్ళ సంగతి ఒకళ్ళకు తెలియాలి. ఎవడు ఆకలైతే చిరాకు పడతాడు, ఎవడు కాలు నొప్పున్నా చెప్పడు, ఎవడు నవ్వడం మానేస్తే జ్వరమని అర్థం. ఇవన్నీ మా సంచుల్లో సామానుకన్నా ముందు సర్దుకునేవాళ్ళం.

ఇప్పుడు? ఒక్కొక్కడూ ఒక్కో చోట సాధన. ఒకడు జిమ్ములో పట్టా మీద, చెవిలో పాట. ఇంకొకడు ఆఫీసు కిందున్న పార్కులో. అమ్మాయి ఒకతి రోజుకు పదివేల అడుగులు లెక్కపెట్టి గ్రూపులో పంపిస్తుంది, అందరూ చప్పట్ల బొమ్మ పెడతారు. మెచ్చుకోదగ్గ పట్టుదలే. కానీ జట్టుగా ఒక్క మైలు కలిసి నడవలేదు. అది జట్టేమిటి, రైలు బోగీలో ప్రయాణికులా?

అన్నీ ఆ రోజులే బాగున్నాయని నేను అనను. ఎత్తు జబ్బు విషయంలో ఇప్పటివాళ్ళదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. ఆ కాలంలో పైన పిల్లవాడికి తలనొప్పి, వాంతులు అంటే చాలామంది పెద్దలు, ఏం కాదు నడువు, మగాడివి కాదా అనేవాళ్ళు. 13,800 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు 60 శాతమే. ఆ తలనొప్పి ఉన్నవాణ్ణి ఇంకా పైకి ఎక్కించకూడదు, అక్కడే ఆపాలి. తగ్గకపోతే కిందికి దించాలి. ఈ మాట ఇప్పుడు ఏ కుర్రవాణ్ణడిగినా చెప్తాడు. డాక్టరు చీటీ లేకుండా శిబిరంలోకి రానివ్వరు. మంచిదే.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ జబ్బు బలమైనవాణ్ణి వదిలిపెట్టదు. రోజూ జిమ్ముకు పోయే కండలవాడికీ వస్తుంది, పైపెచ్చు వాడు సిగ్గుతో దాచుకుంటాడు. వేలికి తగిలించే యంత్రం ఆక్సిజన్ శాతం చూపిస్తుంది, నిజమే. కానీ రాత్రి అన్నం ముట్టుకోకుండా దుప్పటి కప్పుకున్నాడని చెప్పేది యంత్రం కాదు, గుడారంలో పక్కన పడుకున్నవాడు. వాడికి ఇతని తీరు ముందే తెలిసుండాలి. కసోల్‌లో పరిచయాలు మొదలుపెడితే ఎట్లా?

పిల్లలు సుకుమారులైపోయారనే మాట కూడా నేను నమ్మను. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ అమ్మాయికి పధ్నాలుగేళ్ళు నిండలేదు. వెంట ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్ళను నేరుగా తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టలేదు. భువనగిరి బండ మీద తాళ్ళతో మొదలుపెట్టించారు, డార్జిలింగ్ పంపారు, లడాఖ్ చలికి అలవాటు చేశారు. తోటిపిల్లల మధ్య మెట్టు మెట్టుగా తయారైనవాళ్ళు వాళ్ళు. ఆ భువనగిరి కోట మా అపార్టుమెంటు నుంచి కార్లో రెండు గంటల దూరం కూడా లేదు. ఏకశిల. ఆదివారం పొద్దున పోయి ఎక్కి దిగి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. మావాళ్ళు పోలేదు. ఆ ఆదివారం పాలిస్టరా, ఉన్నా అని గ్రూపులో పోట్లాడుకున్నారు.

పోనీ భువనగిరి దూరమే అనుకుందాం. మా టవరుకు ఇరవై రెండంతస్తులు. మెట్లున్నాయి. లిఫ్టు చెడిన రోజు తప్ప వాటి మొహం చూసినవాళ్ళు లేరు. తిరుపతి వెళ్ళినప్పుడు అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కుతారు గదా, అదే మనుషులు, అవే కాళ్ళు, ఇక్కడ అయిదో అంతస్తుకు బటను నొక్కుతారు. చివరికి నేనే కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించాను. ఆదివారం పొద్దున్నే అయిదింటికి మెట్ల దగ్గరికి రావాలి, బూట్లు తొడుక్కుని, సంచిలో నీళ్ళ డబ్బాలతో. చెవుల్లో ఏమీ ఉండకూడదు. అందరికన్నా మెల్లగా ఎక్కేవాళ్ళు ముందు.

సాయంత్రం మూడో అంతస్తు అమ్మాయి, వెళ్ళేవాళ్ళలో ఒక కుర్రాడి తల్లి, ఆపి అడిగింది.

"అంకుల్, డబ్బు కడితే బ్యాగులు కంచరగాడిద మీద వేసుకుపోతారటగా. మరి మావాడికి ఈ మెట్లెక్కే తిప్పలెందుకు?"

"బ్యాగును మోస్తుందమ్మా, మీవాణ్ణి మోయదు. ఆదివారం పంపించు. అట్లాగే ఆ జీన్సు ప్యాంటు తీసి బీరువాలో పెట్టు."