తిట్టడానికి మనిషి కావలెను

నాయుడుపేటలో ఈమధ్య ఒక కొత్త వృత్తి పుట్టింది. దానికి చదువు అక్కర్లేదు. అనుభవం ఉంటే పనికి అడ్డం. సొంత స్థలం, చేతిలో రిటైర్‌మెంటు డబ్బు, కాంట్రాక్టర్లందరూ దొంగలేనన్న గట్టి నమ్మకం, ఈ మూడూ ఉంటే చాలు. తలకు తువ్వాలు చుట్టుకుని, చొక్కా జేబులో టేపు పెట్టుకుని, పొద్దున్నే ఆరింటికి తన ఇంటికి తానే కాంట్రాక్టరై నిలబడొచ్చు.

మా వీధి చివరి మాస్టారు ఈ వృత్తిలో చేరారు. ఆయన లెక్కల మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల చేత ఒకే లెక్క చేయించారు: పదిమంది కూలీలు ఒక గోడను ఆరు రోజుల్లో కడితే, పదిహేను మంది ఎన్ని రోజుల్లో కడతారు? నాలుగు రోజులు అని చెప్పనివాణ్ణి బెంచీ ఎక్కించారు. ఆ లెక్కలో కూలీలు రోజూ పదిమందీ వస్తారు. ఒకడి మేనమామ పోడు. ఇంకొకడి ఇంట్లో ఆడపిల్ల ఫంక్షన్ ఉండదు. మరొకడు శ్రీసిటీలో రెండు వందలు ఎక్కువిస్తారని తెల్లారేసరికి బస్సెక్కడు. గోడ కూడా బుద్ధిగా ఆరో రోజు సాయంత్రానికి పూర్తవుతుంది.

ఒక కాంట్రాక్టరు మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు ఇంత అని చెప్పాడు. మాస్టారు ఇంటికెళ్లి సిమెంటు, కడ్డీ, ఇటుక, కంకర, కూలి ఖర్చుల పుస్తకంలో విడివిడిగా రాసి కూడారు. కాంట్రాక్టరు చెప్పిన మొత్తంలోంచి అది తీసేస్తే కొంత మిగిలింది. దాని కింద రెండు గీతలు గీసి ‘దొంగతనం’ అని రాశారు. ఆ డబ్బే మోడ్యులర్ కిచెన్ అవుతుందని ఇంట్లో మేడమ్‌కు మాటిచ్చారు.

స్థలం ఇరవై నాలుగు అంకణాలు. మా నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎనిమిది గజాలు. తిరుపతి లెక్కలో అంకణం 36 అడుగులే. 2022 ఏప్రిల్ 4న నాయుడుపేటను నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. ఆ లెక్కన తన ఇరవై నాలుగు అంకణాలు రాత్రికి రాత్రే నలభై ఎనిమిదయ్యాయని మాస్టారు ఒక పూటంతా సంతోషంగా ఉన్నారు. మధ్యాహ్నం టేపు పెట్టి కొలిస్తే స్థలం కదల్లేదు. జిల్లాలు మారినా అడుగులు మారవన్నది ఇల్లు కట్టేవాడికి ప్రభుత్వం ఉచితంగా నేర్పే మొదటి పాఠం.

ప్లాను దగ్గర మాత్రం మాస్టారికి పోటీ లేదు. 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 119ని ఆయన ప్రింటు తీయించుకుని, అండర్‌లైన్లు గీసి, ముందు ఎంత వదలాలి, పక్కన ఎంత వదలాలి అన్నీ కంఠతా పట్టారు. లైసెన్సున్న ఇంజినీరు చేత గీయించి, ఆన్‌లైన్లో పెట్టించి, అనుమతి తెచ్చుకుని, ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి బేల్దారి మేస్త్రీ చేతికిచ్చారు. మేస్త్రీ దాన్ని ఎండకు అడ్డం పెట్టుకుని చూసి భద్రంగా వెనక్కిచ్చేశాడు.

“ఇది ఆఫీసుకు సార్. ఇల్లు మనం వేరేగా కట్టుకుందాం.”

మేస్త్రీని తప్పు పట్టలేం. అతనికి చరిత్ర తెలుసు. ప్లాను తప్పిన కట్టడాలను జరిమానా కట్టించుకుని సక్రమం చేసే పథకం 2007 చివర్లో ఒకసారి వచ్చింది. 2015లో మళ్లీ వచ్చింది. 2019లో మళ్లీ వచ్చింది. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశమని చెప్పారు. మన దగ్గర పుష్కరాలకన్నా తరచుగా వచ్చే పుణ్యకాలం అదొక్కటే. నిబంధన ప్రకారం వదిలిన మూడడుగుల సందులో పక్కింటాయన స్కూటర్ పెట్టుకుంటున్నాడని మాస్టారికి ఇప్పుడు బాధ.

ఇసుక సంగతి. స్వర్ణముఖి చంద్రగిరి కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తీశ్వరుణ్ణి చూసుకుని, మా ఊరి మీదుగా సముద్రానికి వెళుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో నీళ్లకన్నా ఇసుకే కనపడుతుంది. ఏరు పక్కనుండగా ఇసుకకు కరువేమిటని బయటివాళ్లు అనుకుంటారు. 2019లో ఇసుక దొరక్క రాష్ట్రమంతా తాపీలు మూలపడ్డాయి. చివరికి నవంబరు 14 నుంచి వారం రోజులు ప్రభుత్వం ఇసుక వారోత్సవాలు జరిపింది. అదే 14న అప్పటి ప్రతిపక్ష నాయకుడు విజయవాడలో ఇసుక దీక్ష చేశారు. ఒకే వస్తువుకు ఒకే రోజున ఉత్సవమూ, ఉపవాసమూ రెండూ జరగడం శివరాత్రి తర్వాత అక్కడే చూశాం. 2024 జులై 8 నుంచి మళ్లీ ఉచిత ఇసుక. మాస్టారు ఈ మాటను అక్షరాలా నమ్మి ట్రాక్టరతన్ని పిలిచారు. ఇసుక నిజంగానే ఉచితం. దాన్ని ఎత్తినందుకు కూలి, తెచ్చినందుకు కిరాయి, మలుపు దగ్గర ట్రాక్టరు తిరగనందుకు ఇంకో ఐదొందలు. “ఇసుకకు నేనొక్క రూపాయి అడగలేదు కదా సార్” అని ట్రాక్టరతను పాపభీతితో చెప్పాడు.

సిమెంటు ధర పెరుగుతుందని ఎవరో చెబితే మాస్టారు 2025 ఆగస్టులోనే బస్తాలన్నీ దించుకున్నారు. సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. దీని గురించి ఆయన దగ్గర ఎత్తవద్దని వీధిలో అందరం ఒక మాట అనుకున్నాం.

ఇక మనుషులు. కాంట్రాక్టరు అనేవాడు ఏం చేస్తాడో మాస్టారి పుస్తకంలో కాలమ్ లేదు, అసలు చిక్కంతా అక్కడే. మేస్త్రీకి ఏకకాలంలో నాలుగు ఇళ్లు నడుస్తుంటాయి. ఏ ఇంటి దగ్గర గట్టిగా అరిస్తే ఆరోజు అక్కడ ఉంటాడు. కాంట్రాక్టరు అరిస్తే మేస్త్రీ వింటాడు. ఎందుకంటే కాంట్రాక్టరు చేతిలో ఇదిగాక వచ్చే ఏడాది కట్టబోయే పది ఇళ్లున్నాయి. మాస్టారు చేతిలో ఉన్నది ఒకటే ఇల్లు, అదీ జన్మకొకటి. ఆయన ఎంత అరిచినా మేస్త్రీకి పోయేదేమీ లేదు. పైగా అరిచి అలసిపోయాక టీ ఆయనే తెప్పిస్తారు. కాంట్రాక్టరు తీసుకునే లాభంలో సగం ఈ రాబోయే పది ఇళ్ల బెదిరింపుకు అద్దె.

మిగతా సగం క్రమానికి. సెంట్రింగ్ చెక్కలు బిగించాక కడ్డీలు కట్టాలి. కడ్డీలు కట్టాక, కాంక్రీటు పోయకముందు, కరెంటతను వచ్చి పైపులు వేసి ఫ్యాన్ బాక్సులు పెట్టాలి. అతనికి దొరికేది ఆ మధ్యలో ఒక పూట. అతను ఆ పూట తప్ప మిగతా అన్ని పూటలూ వచ్చాడు. చెక్కలు ఎక్కకముందు వచ్చి “ఇంకా అవ్వలేదా సార్” అన్నాడు. కాంక్రీటు పోశాక వచ్చి “అప్పుడే అయిపోయిందా సార్” అన్నాడు. మాస్టారింటి హాల్లో ఇప్పుడు ఫ్యాను ఎక్కడుండాలో అక్కడ లేదు, వంటింటి వైపు జరిగి తిరుగుతోంది. వచ్చినవాళ్లకు అది వాస్తు అని చెబుతున్నారు. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

స్లాబు ముహూర్తానికి కార్తీకమాసం కుదిరింది. ఆషాఢం పనికిరాదు, భాద్రపదం శూన్యమాసం, పుష్యంలో ముట్టుకోకూడదు. నికరంగా మిగిలే మంచి నెలల్లో కార్తీకం ఒకటి. పంచాంగం రాసినవారికి మా కోస్తా వానల సంగతి తెలిసినట్టు లేదు. రాష్ట్రంలో మిగతా చోట్ల వానలు సర్దుకునే వేళకు మాకు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, మధ్యమధ్య బంగాళాఖాతంలో వాయుగుండం. శుభముహూర్తమూ, తుఫాను హెచ్చరికా మాకు ఒకే పేపర్లో పక్కపక్కనే వస్తాయి. మాస్టారు రెండూ చదివి ముహూర్తాన్నే నమ్మారు. మిల్లర్ తిరిగింది, బొచ్చెలు పైకెక్కాయి, పావువంతు మిగిలి ఉండగా ఆకాశం తెరుచుకుంది. టార్పాలిన్లు ఎవరి పని అని మాస్టారు అరిచారు. పైనున్న ఇరవైమందీ ఒక్కసారిగా ఆయన వైపే చూశారు.

కాంట్రాక్టరు పని!

ఆ తర్వాత చెక్కలు విప్పే గొడవ. నాలుగో రోజే మేస్త్రీ వచ్చాడు, సెంట్రింగ్ సామాను ఇంకో చోటికి కావాలట. మాస్టారు ఐఎస్ 456 పుస్తకం బయటికి తీశారు. స్లాబు వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపైతే ఊతాలు ఏడు రోజులుంచాలి, దాటితే పద్నాలుగు. మాస్టారి హాలు పదిహేను అడుగులు. అంటే నాలుగున్నర మీటర్ల కంటే దాదాపు మూడంగుళాలు ఎక్కువ, కాబట్టి పద్నాలుగు రోజులు. ఇందులో మాస్టారిదే న్యాయం, నేను ఆయన పక్షం. కాకపోతే సామాను రోజు బాడుగ మీద వచ్చింది. ఆ మూడంగుళాలకు ఏడు రోజుల బాడుగ కట్టిన ఇల్లు రాష్ట్రంలో ఇదొక్కటే అయ్యుంటుంది. స్లాబు మీద గట్లు కట్టి నీళ్లు నిలిపే పని మాత్రం వానే చూసుకుంది. ఈ ఇంటికి సంబంధించి కిరాయి అడగనిది అదే.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ఒకటి 2025 దాకా ఉండేది. సొంతిల్లయినా ఖర్చు 10 లక్షలు దాటితే కట్టించేవాడు ఆ చట్టం కిందికి వచ్చేవాడు, ఖర్చు మీద నూటికో రూపాయి సెస్సు. మేస్త్రీ జారిపడితే జవాబు చెప్పాల్సినవాడూ కట్టించేవాడే. ఇది చదివిన రాత్రి మాస్టారికి నిద్ర పట్టలేదు. మర్నాడు హెల్మెట్లు కొని తెచ్చారు. కూలీలు వాటిలో మేకులు పోసుకున్నారు.

ఖర్చుల పుస్తకంలో ఇప్పుడు మూడు గీతలున్నాయి. దొంగతనం అని రాసిన మొత్తం కరెంటు పైపులకు, బాడుగకు, తడిసిన బస్తాలకు, టీలకు చిల్లరగా వెళ్లిపోయింది. ఇల్లు మాత్రం బాగానే వచ్చింది, ఆ మాట చెప్పాలి. గోడలు గుండుకు నిలబడ్డాయి. మాస్టారి దుఃఖం వేరే. కాంట్రాక్టరుంటే ఫ్యాన్ చూపించి తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు మేడమ్‌కు ఉన్నాడు, మాస్టారికి లేడు.

మాస్టారు కోరి తెచ్చుకున్నారు కాబట్టి నవ్వొచ్చు. ఇదే ఉద్యోగాన్ని ప్రభుత్వం లక్షలమందికి అడగకుండానే ఇచ్చింది. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి 30 లక్షల పైచిలుకు ఇళ్ల పట్టాలు పంచారు. పట్నాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఇంటికి రూ.1.80 లక్షలు. లబ్ధిదారులకు మూడు ఆప్షన్లు ఇచ్చారు. ఒకటి, సామాను సర్కారు ఇస్తుంది, కూలి డబ్బు ఇస్తుంది, నువ్వు కట్టుకో. రెండు, సామానూ నువ్వే కొనుక్కో, కట్టినకొద్దీ డబ్బు వేస్తాం. మూడు, మేమే కట్టిస్తాం. అంటే మొదటి రెండింటిలో వరినాట్లేసే ఆవిడ మాస్టారితో సమానంగా కాంట్రాక్టరు. మాస్టారికి పెన్షన్ ఉంది, ఈమెకు లేదు, తేడా అంతే. కేంద్రం ఇళ్ల పథకంలో కూడా ఈ పద్ధతికి గంభీరమైన పేరుంది: లబ్ధిదారుడి ఆధ్వర్యంలో నిర్మాణం. ఆధ్వర్యం! పేదవాడికి మన ప్రభుత్వాలు ఇంత పెద్ద పదవి ఇంకెక్కడా ఇవ్వలేదు.

దీని వెనక ఒక దొర గారి ఆలోచన కూడా ఉంది. జాన్ టర్నర్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్టు పెరూ దేశపు మురికివాడల్లో ఏళ్ల తరబడి పనిచేసి, ఇల్లు ఎలా ఉండాలో ఉండేవాళ్లనే నిర్ణయించుకోనిస్తే మేలని 1970ల్లో పుస్తకాలు రాశారు. నిర్ణయం జనానికి వదలండి, స్థలం, సామాను, అప్పు అందేలా ప్రభుత్వం చూడాలి అన్నది ఆయన మాట. ప్రభుత్వాలు అందులో ‘వదలండి’ వరకు విన్నాయి. రూ.1.80 లక్షలు చాలవని అందరికీ తెలుసు కాబట్టి పావలా వడ్డీకి మరో రూ.35 వేలు అప్పు చూపించారు. 2025లో కొత్త ప్రభుత్వం ఆగిపోయిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించింది. ఈలోగా పునాదుల్లో తుమ్మలు మొలిచాయి. మాస్టారు కనుక్కున్న సత్యాన్ని ప్రభుత్వం అంతకుముందే కనుక్కుంది, కాకపోతే అటునుంచి. కాంట్రాక్టరును పెడితే ఇల్లు ఆగినప్పుడు జనం ప్రభుత్వాన్ని తిడతారు. లబ్ధిదారునే కాంట్రాక్టరును చేస్తే ప్రభుత్వం జనాన్ని తిట్టొచ్చు.

మొన్న మా పక్క పల్లెలో ఒక ఉద్యోగి ఫోన్లో ఫొటో తీసుకుంటూ ఒకావిణ్ణి నిలదీస్తుంటే విన్నాను.

“ఏమ్మా, ఇంకా బేస్‌మట్టం దగ్గరే ఉండావే. పైన మమ్మల్ని అడుగుతున్నారు. ఎందుకాగింది?”

“కాంట్రాక్టరు పనికి రాలా సార్.”

“కాంట్రాక్టరా? ఎవురు?”

“నేనే సార్. నాట్లకి పొయ్యుండా.”