నా అంచు మీద కలిసిన మూతులు

నేను మేత తొట్టిని. పోత ఇనుముతో చేసిన ఒళ్లు, మనిషి నిలువెత్తు పొడవు, జానెడు లోతు. హౌరాలో ఒక ఫౌండ్రీలో ఇసుక అచ్చులో పుట్టాను. ఎర్ర ఆక్సైడు రంగు పూసి, షాలిమార్ యార్డులో గూడ్సు బండెక్కించారు. అప్పట్లో షాలిమార్ అంటే ప్రయాణికులు కాదు, సరుకులు. హుగ్లీ గట్టు, గోదాములు, వ్యాగన్లు. పక్కనే శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్. 1793లో ఆ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచాడు. ఆయన తెలుగు తీరం నుంచి ఈ గట్టుకొచ్చాడు. నేను ఈ గట్టు నుంచి ఆ తీరానికి పోయాను.

నన్ను దింపింది ఉత్తరాంధ్రలో, రోడ్డు పక్కన ఒక చిన్న జింకల పార్కులో. ఊరు పేరు చెప్పను. అక్కడి మనుషులు మంచివాళ్లు, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు.

పొద్దున్నే పచ్చిగడ్డి నాలో పడేది. చుక్కల దుప్పులు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ముందు పెద్ద కొమ్ముల పోతు, తర్వాత ఆడవి, చివర పిల్లలు. వాటి నాలుకలు నా అంచు మీద రాపాడుతుంటే నాకెంత గర్వంగా ఉండేదో! ఇనుముగా పుట్టినందుకు ఇంతకంటే ఏం కావాలి? ఆదివారాలు కంచె అవతల జనం నిండేవారు. క్యారెట్లు, క్యాబేజీ ఆకులు, బ్రెడ్డు ముక్కలు, బిస్కెట్లు, గుడి నుంచి తెచ్చిన పులిహోర. కంచె సందుల్లోంచి చేయి చాచి నాలోకే విసిరేవారు. బిడ్డ పుట్టినరోజని ఒకాయన బస్తాడు మొక్కజొన్న గింజలు పోయించాడు. మూగజీవాల ఆకలి తీర్చాలన్న ఆ ప్రేమ నిజమైనది. అందుకే ఈ కథ చెప్పడం నాకు కష్టం.

అడవిలో దుప్పి ఒక చోట నిలబడి కడుపు నింపుకోదు. ఇక్కడో ఆకు, అక్కడో చిగురు కొరుకుతూ నడుస్తుంది. అది ముట్టిన కొమ్మను మళ్లీ ఇంకో దుప్పి ముట్టేసరికి ఎండో గాలో ఎంతో కొంత పని చేసి ఉంటుంది. నా దగ్గర అలా కాదు. ఒక మూతి తీసిన చోటే మరుక్షణం ఇంకో మూతి. తడి ఆరేది కాదు. మిగిలిన బ్రెడ్డు నా అడుగున నాని పులిసేది. నా చుట్టూ నేల గిట్టలకు తొక్కుడై, పెంటికలూ మూత్రమూ కలిసి బురదయ్యేది. ఆ బురదలో పడిన క్యారెట్టునూ అవి వదిలేవి కావు.

ఒక శీతాకాలం, కంచె అవతలి పశువులకు గాలికుంటు వచ్చింది. ఊళ్లో పాలు పితికి వచ్చిన చేతులతోనే, దుప్పులకు మేత వేసే మా మనిషి గడ్డి మోపు తెచ్చేవాడు. అలా వచ్చిందో, కంచె దగ్గర మేసిన ఆవు నుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేకపోయారు. నాకు తెలిసింది ఒక్కటే. ఒక ఆడదుప్పి నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ కారుస్తూ వచ్చి నాలో తల దించింది. నాలుక మీద పొక్కులు. మేత నోటికి పట్టడం లేదు. చొంగ మాత్రం మేత మీదంతా పడింది. అది పక్కకు తప్పుకోగానే రెండు పిల్లలు ఆ గడ్డినే లాక్కున్నాయి. వారం తిరిగేసరికి సగం మంద కుంటింది. పిల్లల్లో రెండు లేవలేదు.

నాకు నోరుంటే అరిచేదాన్ని.

పశువుల డాక్టరు వచ్చాడు. ముందు చచ్చిన పిల్లల్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు మర్చిపోలేను. వేలితో నా అంచు తడిమి మా మనిషితో అన్నాడు: "అన్నా, పొక్కులు పైకి కనపడక ముందే చొంగలో వైరస్ ఉంటుంది. జబ్బు చేసినదాన్ని నువ్వు విడదీసేసరికే ఈ తొట్టి తన పని తను చేసేసింది."

నాలుగు శాతం సోడియం కార్బొనేటు నీళ్లతో, అంటే బట్టల సోడాతో, నన్ను రోజూ తోమమన్నాడు. పులిహోర, బ్రెడ్డు బంద్ అన్నాడు. గింజలూ పిండి పదార్థాలూ ఒక్కసారిగా పడితే దుప్పి పెద్ద పొట్టలో ఆమ్లం పెరిగి అదొక్కటే ప్రాణం తీయగలదట. "జూలో జంతువుకు సందర్శకుడు మేత పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారమే నేరం. మనం బోర్డు రాయించాం, ఎవరూ చదవరు" అని నిట్టూర్చాడు.

తర్వాత కూడా ఆయన తరచూ వచ్చేవాడు. తనతో వచ్చిన కుర్ర డాక్టర్లకు నా పక్కనే నిలబడి పాఠం చెప్పేవాడు. నాకున్న చదువంతా అక్కడిదే. అమెరికాలోని మిషిగన్‌లో వేటగాళ్లు జింకల్ని రప్పించడానికి, చలికాలంలో బతికించడానికి క్యారెట్లు, చక్కెర దుంపలు గుట్టలు పోసేవారు. 1994లో అక్కడ వేటాడిన ఒక జింకలో పశువుల క్షయ బయటపడింది. వెతికితే ఈశాన్య ప్రాంతంలో అడవి జింకల మధ్యే అది తిరుగుతోందని తేలింది. 1995లో ఆ నడిబొడ్డు ప్రాంతంలో పరీక్షించిన జింకల్లో 4.9 శాతానికి ఉంది. చలిలో నిల్వ ఉన్న మేత మీద ఆ క్రిమి వారాల తరబడి బతుకుతుంది. అంటే మూతులు ఎదురుపడనక్కర్లేదు, గుట్ట ఒక్కటైతే చాలు. 1998లో అక్కడ మేత పోయడం నిషేధించారు, జింకల సంఖ్యనూ తగ్గించారు. క్షయ తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఒక కుర్రాడు అడిగాడు: "అడవిలో చెరువు దగ్గరా ఉప్పు నేల దగ్గరా అవి గుమిగూడతాయి కదా సార్?" డాక్టరు కొట్టిపారేయలేదు. "గుమిగూడతాయి. మంద జంతువులు ఒకదాన్నొకటి నాకుతాయి కూడా. మేత ఆపితే రోగం ఆగిపోతుందని నేను చెప్పను. కానీ రోజూ అదే చోటికి, వేర్వేరు మందల్ని, తలకు తల తగిలేలా పిలిచేది మనమే" అన్నాడు. అమెరికా జింకల్ని శుష్కింపజేసి చంపే సీడబ్ల్యూడీ గురించీ చెప్పాడు. 1967లో కొలరాడోలో మొదట గమనించారు. దానికి కారణం క్రిమి కాదు, ప్రియాన్ అనే వికృత ప్రోటీను. చొంగలో వస్తుంది, మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. విస్కాన్సిన్‌లో జింకల కోసం పెట్టిన ఉప్పు రాళ్ల చోట మట్టిలోనూ నీటిలోనూ అది దొరికింది. ఆ మాటకు నా ఒంటి మీద తుప్పు కూడా బరువనిపించింది. సోడా నీళ్లకు లొంగనిది కూడా ఒకటి ఉందన్నమాట.

మేత పిలుపు మన దగ్గరా వినిపించింది. 2023 ఆగస్టులో తిరుమలకెక్కే అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను చంపింది. ఆ తర్వాత ఆ దారిలో జంతువులకు తినిపించవద్దని దేవస్థానం నిషేధం పెట్టింది. మేత ఉన్నచోటికి జింక వస్తుంది, జింక ఉన్నచోటికి చిరుత వస్తుంది. అది రోగం కథ కాదు, కానీ పిలుపు అదే. భక్తుడి చేతిలో క్యారెట్టు ముక్క ఎంత దూరం పోతుందో చూడండి.

మా పార్కులో చివరకు నన్ను తీసేశారు. కొమ్మలు కోసి, వేర్వేరు చెట్లకు వేర్వేరు ఎత్తుల్లో కట్టడం మొదలుపెట్టారు. దుప్పులు మళ్లీ చెల్లాచెదురుగా తిరుగుతూ మేశాయి. మూలన పడి ఉన్న నాకు అది దూరం నుంచి కనిపించేది. అంత అందంగా అవి నా దగ్గర ఎప్పుడూ మేయలేదు.

పాత ఇనుముగా లారీలో తిరిగి షాలిమార్ చేరాను. ఇప్పుడు గట్టు దగ్గర ఒక తుక్కు దుకాణంలో ఉన్నాను. కాపలా ముసలాయనది మన శ్రీకాకుళం వైపు. తాతల నాడు జనపనార మిల్లు పనికొచ్చిన కుటుంబం. మనవరాలికి నాలుగు మేకలు. నిన్న సాయంత్రం ఆ పిల్ల నన్ను తుడిచి, గంజి పోసి, మేకల్ని పిలిచింది. ఒకదాని ముక్కు వెంట చీమిడి కారుతోంది. నా అంచు దగ్గరకు నాలుగు మూతులూ వచ్చాయి.

"ఓలమ్మీ, ఆగు" అన్నాడు ముసలాయన మంచం మీంచి. "ఆ చీమిడి మేకని అవతల కట్టు. దానికి వేరే గిన్నె ఎట్టు."

"ఇంత పెద్ద తొట్టి ఉంది కదా తాతా?"

"అందుకే చెప్తున్నా."

ఆ పిల్ల గంజి గిన్నెల్లోకి వంపి నన్ను బోర్లించింది. ఈ దుకాణం తుక్కు ఫౌండ్రీలకు పోతుంది. హౌరా ఫౌండ్రీల్లో న్యూయార్క్ వీధులకు మాన్‌హోల్ మూతలు కూడా పోస్తారు. రాత్రంతా నా వీపు మీద వాన పడింది.