పక్క కౌంటర్ మాహాత్మ్యం

తెలుగునాట సలహాలకు కొదవేం లేదు. హెల్ప్ డెస్కులు, సహాయ కేంద్రాలు, సోమవారం అర్జీలు, బ్రోషర్లు పంచే స్వచ్ఛంద సంస్థలు. అందరికీ కంఠతా వచ్చిన సలహా మాత్రం ఒక్కటే: ‘‘ఇది మా దగ్గర కాదమ్మా, అక్కడికెళ్లి అడుగు.’’

పింఛను ఆగిపోయిన ఓ ముసలమ్మ కలెక్టరేటుకు వచ్చిందనుకోండి. కొంగుముడిలో నాలుగు మడతల ఆధార్ జిరాక్సు. డెస్కు దగ్గరి బాబు పేరైనా అడక్కుండా మండలాఫీసుకు పొమ్మంటాడు. మండలాఫీసు బ్యాంకు వైపు, బ్యాంకు ఆధార్ సెంటర్ వైపు చూపిస్తాయి. నాట్లేసి, అంట్లు తోమి అరిగిన వేళ్లు కదా, ముద్ర పడదు. పైగా ఇవాళ సర్వర్ లేదు, రేపు రమ్మంటారు. ఆవిడ వేళ్లు అరిగాయి గానీ, దారి చూపే ఈ వేళ్లు ఎన్నేళ్లయినా అరగవు. సాయంత్రానికి ఆమె అర్జీ మీద ‘పరిష్కరించబడింది’ అని ఎక్కుతుంది. నిజమే, డెస్కు సమస్య పరిష్కారమైంది. ఆవిడ వెళ్లిపోయింది.

ఇక ఫోన్ నంబర్ల సంగతి. ఆడవాళ్లకు 181, వృద్ధులకు 14567, సైబర్ మోసానికి 1930, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆ ముసలమ్మను కొడుకు కొట్టి, ఆవిడ ఖాతాలో డబ్బు ఫోన్‌లోంచి లాగేశాడనుకోండి. ఆవిడ ముందు ఆడదా, ముసలిదా, సైబర్ బాధితురాలా? ఆ వర్గీకరణేదో ఇంట్లోనే పూర్తిచేసుకుని, ఆ తర్వాత డయల్ చెయ్యాలి కాబోలు!

పంపడం తప్పని ఎవరూ అనరు. రాని వైద్యం చేసేకన్నా వచ్చినవాడి దగ్గరికి పంపడమే నయం. కానీ పంపేముందు అవతలివాళ్లకు ఫోన్ చేసి, పని వాళ్లదో కాదో కనుక్కోవాలి. ఎవరిని కలవాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చీటీ మీద రాసివ్వాలి. వారం తర్వాత ‘‘అయిందా అమ్మా?’’ అని అడగాలి. అలాగైతే క్యూ కదలదంటారు. అయ్యా, ఆ క్యూ నిండా ఇంకో కౌంటర్ తరిమేసినవాళ్లే!

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. సమాచార హక్కు దరఖాస్తు తప్పు ఆఫీసుకు వస్తే, 5 రోజుల్లోగా సరైన ఆఫీసుకు బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారుకు చెప్పాలని 2005 చట్టం 6(3) సెక్షన్ ఎప్పుడో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని పోలీసులకు చెబుతోంది. అంటే కాగితమే ఆఫీసులు తిరగాలి, మనిషి కాదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం కూడా ఉంది. ఆ ముక్క ముసలమ్మకు ఏ డెస్కూ చెప్పలేదు. బహుశా అది పక్క కౌంటర్ పనేమో.

ఈసారి మిమ్మల్ని పక్క కౌంటర్‌కు పొమ్మంటే, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టరు. అప్పుడు మీ అర్జీ ఎవరి బల్ల మీదుందో, ఏ తేదీన ఎక్కడికి పంపారో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు చెప్పాల్సింది వాళ్లే.