యాస అద్దెకివ్వబడును

లండన్ బజారులో పూలమ్ముకునే ఎలీజాకి నోరు మంచిది కాదు. బూతులని కాదు, యాస. హిగిన్స్ అనే ఉచ్చారణ పండితుడు స్నేహితుడితో పందెం కాస్తాడు, ఆరు నెలల్లో ఈ పిల్లని దొరసానిగా చలామణీ చేయిస్తానని. నోట్లో గోళీలు కుక్కి, అచ్చులన్నీ ఇటుకరాయితో తోమినట్టు తోమి, నడుమ నడుమ పాటలు పాడి, చివరికి ఆ పిల్ల లేకపోతే పూట గడవని స్థితికొస్తాడు. 1964 నాటి 'మై ఫెయిర్ లేడీ' కథ ఇంతే. ఎనిమిది ఆస్కార్లు. మూలం బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మేలియన్'. షా ఉన్నన్నాళ్ళూ వాళ్ళిద్దరికీ పెళ్ళి చేయడానికి ఒప్పుకోలేదు. ఎలీజా ఇంకొకణ్ణి కట్టుకుని పూలకొట్టు పెట్టుకుంటుందని నాటకానికి తోక కూడా తగిలించాడు. ఆయన పోయాక తోక కత్తిరించడం సినిమావాళ్ళకి ఎంతసేపు?

అసలు హాస్యం తెర వెనకుంది. నోరు మార్చుకున్న పిల్ల కథలో హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్ పాటలు చాలామటుకు మార్నీ నిక్సన్ పాడింది. రంగస్థలం మీద ఆ వేషం వేసి సొంతగొంతుతో పాడిన జూలీ ఆండ్రూస్‌ని పక్కన పెట్టారు. మన నిర్మాతలకి ఇందులో వింతేమీ కనబడదు. మొహం ముంబై నుంచి, గొంతు డబ్బింగ్ థియేటర్ నుంచి తెప్పించి తెలుగమ్మాయిని తయారుచేయడం మనకి పాత విద్యే.

చిత్తూరు జిల్లావాళ్ళు ఈ సినిమాని టికెట్ కొని చూడక్కర్లేదు. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ప్రతి రాత్రీ ఆడుతుంది. చిత్తూరులో రైలెక్కేటప్పుడు ఫోనులో "అమ్మా, పోయొస్తా ఉండా" అన్న పిల్లోడు తెల్లారి కాచిగూడలో దిగేసరికి "వచ్చేశానండీ" అంటాడు. హిగిన్స్‌కి ఆరు నెలలు పట్టింది, మాకు ఒక్క రాత్రి చాలు. గోళీలు కూడా అక్కర్లేదు, భయం చాలు. నేను ఆ రైలు దిగిన కొత్తల్లో ఆఫీసులో "ఈ పని నిండా కష్టం సార్" అన్నాను. "నిండా అంటే? దుప్పటా?" అని పక్క సీటాయన. అందరూ నవ్వారు. ఇంకొకాయన జాలిగా "మీది తమిళమా?" అనడిగాడు. 1911లో జిల్లా పుట్టక ముందు మా ఊళ్ళు చాలావరకు ఉత్తరార్కాటులో ఉండేవని ఆయనకి చెప్పలేదు. చెబితే "చూశారా, నేనన్లా!" అనేవాడు.

కృష్ణాతీరంలో పుడితే భాష, స్వర్ణముఖి ఒడ్డున పుడితే యాస. ఈ వర్గీకరణ ఎవరు చేశారో గానీ సినిమావాళ్ళు శిలాశాసనంలా పాటించారు. ఫ్యాక్షన్ సినిమాలు గుర్తుచేసుకోండి. హీరో, విలన్ ఒకే ఊరు, ఒకే నీళ్ళు. హీరోది మాత్రం ఇస్త్రీ చేసిన కోస్తా తెలుగు, విలన్‌ది సీమ మాట. సుమో గాల్లోకి లేస్తే నమ్మినవాళ్ళం, దీన్నీ నమ్మేశాం. అవతల నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' కథల్ని ఇంట్లో మాట్లాడుకునే మాటలోనే రాసి చూపించాడు. కథల్లో ఏడిపించిన మాట తెరమీద కత్తి పట్టడానికే పనికొచ్చింది.

అంతలో 2021 డిసెంబరు 17న 'పుష్ప' దిగింది. ఎర్రచందనం కూలోడు హీరోయిన్ శ్రీవల్లి వెంటపడ్డాడు, భుజం ఎత్తాడు, మా మాట మాట్లాడాడు. నేనూ విజిలేశాను, అబద్ధమెందుకు? మద్రాసులో పుట్టి సినిమా ఇంట్లో పెరిగిన అల్లు అర్జున్ మా నుడికారం పట్టడానికి చెమటోడ్చాడు. 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. తెలుగు హీరోల్లో ఆయనకే మొదటిసారి. లండన్‌లో పేదపిల్ల దొర మాట నేర్చుకుంటే మనిషైంది. మన దగ్గర దొరబిడ్డ పేదోడి మాట నేర్చుకుంటే మహానటుడయ్యాడు. పేదోడు పేదోడి మాటే మాట్లాడితే ఏమవుతాడో మీ ఆఫీసులో హెచ్చార్‌ని అడగండి, "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాసిస్తుంది.

ఇంకో ముచ్చట. 'పుష్ప' కథ శేషాచలంలో, అడవి మాత్రం చాలావరకు గోదావరి వైపు మారేడుమిల్లిది. దర్శకుడు సుకుమార్‌దీ గోదావరి జిల్లానే. ఎర్రచందనం దుంగలకన్నా సులువుగా, చెక్‌పోస్టు దాటించి చిత్తూరు నుంచి తరలించిన సరుకు యాస ఒక్కటే. పైగా దీనికి కేసుండదు.

కాబట్టి నాదొక మనవి. 1954 నుంచి తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది కదా, అక్కడొక యాస అద్దె కౌంటర్ తెరవాలి. విలన్‌కి రోజువారీ రేటు, హీరోకి దానికి రెట్టింపు, పది నెలల అడ్వాన్సు. తొందరున్నవాళ్ళకి మూడొందల రూపాయల శీఘ్రదర్శనం క్యూ. 'ఏమబ్బా' కొన్నవాళ్ళకి 'గమ్మునుండు' ఉచితం. షరతు ఒక్కటే: వాడుకున్న యాసను విరగ్గొట్టకుండా వాపసివ్వవలెను.

మొన్న సాయంత్రం గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక పెద్దామె గంప ముందర కూర్చుని మల్లెలు కడుతోంది. కొండమీద పూలన్నీ స్వామికే, ఆడవాళ్ళు తలలో పెట్టుకోకూడదు, అందుకని ఈమె బేరమంతా కిందే. కాలి బొటనవేలికి దారం చుట్టి, రెండు పూలు అటు, రెండు పూలు ఇటు, చూడకుండానే ముడేస్తోంది.

"ఏం సామీ, ఊరికే నిలబడుకొని చూస్తా ఉండావు? పూలు కావల్నా, వద్దా?"

రెండు మూరలు తీసుకున్నాను. ఆమె మూర కొలుస్తుంటే ఎలీజా కథ చెప్పాను: పూలమ్మే పిల్ల, పండితుడు, పందెం, ఆరు నెలల చదువు, దొరసాని కావడం. శ్రద్ధగా వింది. దారం పళ్ళతో తెంపి, పూలు ఆకులో చుట్టి చేతికిచ్చింది.

"అంతా బాగుండాది గానీ సామీ, ఆర్నెల్లు ఆ పిల్ల గంప ఎవురు చూసుకునిరి?"