బెజవాడలో తోడేలు పున్నమి

జనవరి వస్తే చాలు, మన ఛానెళ్ళకు తోడేళ్ళు గుర్తొస్తాయి. "ఈ రాత్రి ఆకాశంలో అద్భుతం, వుల్ఫ్ మూన్!" అని స్క్రోలింగు. బెంజి సర్కిల్లో నిజంగా తోడేలు ఊళ వేసినా ఆటోల హారన్లలో ఎవరికీ వినపడదు. ఫిబ్రవరిలో స్నో మూన్. అప్పుడే ఫ్యాన్లు తుడుచుకునే బెజవాడకు మంచు చందమామ! ఏప్రిల్లో పింక్ మూన్ అనేసరికి డాబాలెక్కి, మెడలు పట్టేసేదాకా గులాబీ రంగు వెతికారు జనం. ఆ గులాబీ చంద్రుడిది కాదు మహాప్రభో, అమెరికాలో ఆ రోజుల్లో పూసే ఫ్లాక్స్ పువ్వుది.

పేర్ల తప్పేం లేదు. ఈశాన్య అమెరికా ఆదివాసులవీ, అక్కడికి వలసపోయిన తెల్లరైతులవీ అంటూ 1930ల్లో మెయిన్ ఫార్మర్స్ అల్మనాక్ అచ్చేసిన జాబితా అది. అక్కడ మంచు పడుతుంది, తోడేలు తిరిగింది, పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు విక్కా అనే పాశ్చాత్య మతంవాళ్ళు ఆ పున్నములకు పూజలూ చేసుకుంటున్నారు, సంతోషం. మధ్యలో మనకేమిటి?

ఆగస్టుది స్టర్జన్ మూన్. ఆ చేప కృష్ణలో లేదు, కొల్లేట్లో లేదు, కైకలూరు చెరువుల్లో అసలే లేదు. బొచ్చె పున్నమి అన్నా పులుసు గుర్తొచ్చేది. నవంబరుది బీవర్ మూన్. బీవరంటే వాగులకు అడ్డుకట్టలు కట్టే జంతువు. కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తిచేసింది కెప్టెన్ ఓర్ అని చదువుకున్నాం. ఛానెళ్ళ దగ్గర వేరే సమాచారం ఉందేమో! ఆ కార్తీక పున్నమికే దుర్గాఘాట్‌లో అరటి దొప్పల్లో దీపాలు వదులుతుంటారు, మంగినపూడి బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. తడిచీరల గుంపు మధ్య మైకు పట్టుకుని నిలబడి మరీ బీవరంటుంది యాంకరమ్మ.

సూపర్‌మూన్ అయితే శాస్త్రమేనని ధీమా. ఆ మాటను 1979లో పుట్టించిన రిచర్డ్ నోల్ జ్యోతిష్కుడు!

ఇటు మనవాళ్ళూ తక్కువ తినలేదు. ఏ పున్నమి వెన్నెలకు ఏ రోగం పోతుందో తెల్లారేసరికి వాట్సాప్‌లో దింపుతారు. కోరల పున్నమికి రొట్టె కొరికి కుక్కలకు వెయ్యడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. తోడేలు మీద అంత మనసుంటే ఆ కుక్కతో సరిపెట్టుకోవచ్చు.

జూన్‌లో స్ట్రాబెర్రీ మూన్. దివిసీమలో ఎవరు పండిస్తారండీ స్ట్రాబెర్రీలు? జ్యేష్ఠ పున్నమి ఇక్కడ ఏరువాక. నాగలికి పసుపు రాసి, ఎద్దుల కొమ్ములకు రంగులేసి, రైతు చూసేది చంద్రుణ్ణి కాదు, కాలవను. ప్రకాశం బ్యారేజి దగ్గర తలుపులెత్తి పూలు చల్లే ఫొటో అందరూ వేస్తారు. ఆ నీళ్ళు కోడూరు, నాగాయలంక శివారు పొలాలకు ఎన్నాళ్ళకు చేరాయో ఈసారి కెమెరా పట్టుకెళ్ళి అడగండి. ఆ వార్తకు స్ట్రాబెర్రీ మూన్ అని పేరు పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు.