కారు దిగుతాం సరే, కాలెక్కడ పెట్టాలి?

హైదరాబాద్ పెద్దలకు గాలి మీద బెంగ పుట్టినప్పుడల్లా ఎక్కడో ఓ రిబ్బను తెగుతుంది, సైకిల్ మీద ఓ ఫొటో పడుతుంది. "కార్లు ఇంట్లో పెట్టి రండి" అని జనానికి హితవు చెప్పి, ముందో పైలట్ కారు, వెనకో ఎస్కార్ట్ కారుతో వారు తిరుగుముఖం పడతారు. పాపం, వాళ్లను తప్పుపట్టలేం. అన్ని కార్లు పెట్టడానికి ఎవరి ఇల్లు చాలుతుంది?

2015లో ఐటీ కారిడార్‌లో 'కార్ ఫ్రీ థర్స్‌డే' అన్నారు. గురువారం కారు ముట్టకుండా ఉపవాసం. మిగతా ఆరు రోజుల పారణకు ఫ్లైఓవర్లు వడ్డించారు. 2022లో తెరిచిన షేక్‌పేట ఫ్లైఓవర్ ఒక్కటే 2.8 కిలోమీటర్లు. దాని మీద నడిచేవాడికి చోటు లేదు. బస్సు ఎక్కేవాడి స్టాపేమో కింద ఉంది. ఇక ఆ వంతెన ఎవరి కోసమో వేరే చెప్పాలా? ఉపవాసం అటకెక్కింది, విందు మాత్రం నడుస్తూనే ఉంది.

2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేశారు. వాహనాల్లేని రోడ్డు ఎలా ఉంటుందో చూద్దామని జనం కార్లేసుకుని వచ్చారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ జరిగింది. పొగలేని ప్రయాణాన్ని చాటడానికి కార్ల పందెం! పందెం కార్లకు రోడ్లు అప్పగించి, మన కార్లు పక్కదారుల్లో నిలబడి పొగ వదిలాయి. అదే ఏడాది అవుటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సోలార్ కప్పుతో సహా వెలిసింది. ముచ్చటగానే ఉంది. అయితే ఊళ్లోంచి ప్రాణాలతో అక్కడికి చేరాలంటే సైకిల్‌ను కారు వెనక కట్టుకుపోవడమే క్షేమం.

మెట్రో ఉందిగా అంటారు. ఉంది, 69 కిలోమీటర్లు. మూడు పెట్టెల రైల్లో పొద్దున ఊపిరి బిగబట్టి నిలబడేవాడికి మనం చేసిన సత్కారం చూడండి. 2024లో నాగోల్, మియాపూర్ స్టేషన్ల దగ్గర పార్కింగ్‌కు డబ్బులడగబోతే జనం ఆందోళనకు దిగారు. 2025లో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 75 అయింది. గగ్గోలు పుట్టాక 69కి దించి, దానికి రాయితీ అని పేరు పెట్టారు.

కారున్న మనమూ తక్కువ తినలేదు. కారు కొనడానికి అప్పు దొరికింది గానీ, పెట్టడానికి జాగా దొరకలేదు. కాబట్టి 'ఇంట్లో పెట్టడం' అంటే గేటు బయట కాలిబాట మీద పెట్టడమే. పెద్దల మాట మన్నించి కారు వదిలి నడుద్దామని బయల్దేరితే, మొదటి అడుగులోనే అడ్డం తగిలేది మన కారే. దాన్ని చుట్టి రోడ్డు మీదికి దిగితే వెనక నుంచి హారన్. కాలిబాట మిగిలిన చోట ఓ ట్రాన్స్‌ఫార్మర్, ఓ బజ్జీల బండి, సిగ్నల్ తప్పించుకోవడానికి దాని మీదికే ఎక్కిన ఓ మోటార్ సైకిల్.

మధ్యలో ఒక్కసారి మాత్రం ఉపన్యాసం లేకుండానే పని జరిగింది. 2023 డిసెంబర్ 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలుపెట్టారు. ఎవరూ ప్రతిజ్ఞ చేయించలేదు, టోపీలూ టీషర్టులూ పంచలేదు. బస్సులు కిక్కిరిసిపోయాయి. పిలవాల్సిన తీరులో పిలిస్తే జనం వస్తారని తేలిపోయింది. వచ్చినవాళ్లకు సరిపడా బస్సులు వేయడమే మిగిలింది. కానీ కొత్త బస్సు పక్కన దిగిన ఫొటో కొత్త ఫ్లైఓవర్ మీద దిగిన ఫొటో అంత నిండుగా ఉండదు మరి!

కాబట్టి అయ్యలారా, వరస మార్చండి. ముందు కాలిబాట, తర్వాత బస్సు, ఆఖర్న హితవు. మొదటి రెండూ అమిరితే మూడోదానికి మీరు గొంతు చించుకోనక్కర్లేదు. అమరకపోతే, ఎంత చించుకున్నా కారు అద్దాలు ఎక్కించుకున్న మాకు వినపడదు.